చందాలమ్మ ఇచ్చిన పూచీ

చందాలమ్మ సాధించిన మొదటి ఘనత పరీక్షల హాలుకు ఫ్యాన్లు తేవడం. అంతకుముందు ఆ కాలేజీలో వేసవి పరీక్షలంటే పిల్లలు ఒక చేత్తో రాస్తూ, ఇంకో చేత్తో అట్టముక్క విసురుకోవడమే. లాభం ఆశించని ట్రస్టు నడిపే కాలేజీ. ఫీజులు జీతాలకే బొటాబొటిగా సరిపోయేవి. ఆఫీసులో టైపు కొట్టుకునే ఆవిడను ప్రిన్సిపాల్‌గారు పిలిచి, "నీకు నోరుందమ్మా. ఫ్యాన్ల కంపెనీకి ఓసారి వెళ్ళి అడిగి చూడు" అన్నారు.

ఓసారితో అయ్యే పనా అది! ఆ కంపెనీ గడప అరిగేలా తిరిగింది. మొదట్లో మొహం తిప్పుకున్న గుమాస్తాలు, చివరికి ఆమె రెండ్రోజులు కనబడకపోతే ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడేదాకా వచ్చారు. ఎట్టకేలకు యజమాని సరేనన్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. హాలు గోడ నిండా కంపెనీ బొమ్మ వేసి, కింద 'కొంటే మా ఫ్యానే కొనండి' అని రాయాలట.

"గోడ ఇవ్వలేనండీ. ఇచ్చినవారి పేరంటే రాస్తాం, కొనమని మాత్రం రాయం. కావాలంటే పేరు రెక్కల మీద రాసుకోండి."

"తిరిగే రెక్క మీద పేరు ఎవడు చదువుతాడమ్మా?"

"ఆగితే చదువుతారండీ. మీ పేరు ఎవరి కంటా పడకూడదనుకుంటే, ఆగని ఫ్యాన్లు ఇప్పించండి."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఫ్యాన్లు వచ్చాయి. ఈనాటికీ తిరుగుతున్నాయి.

అంతటితో ఆగిందా? ప్రయోగశాలకు పైకప్పు, తాగునీటి ట్యాంకు, లైబ్రరీకి బీరువాలు, ఆడపిల్లల హాస్టలుకు ప్రహరీగోడ, అన్నీ ఆమె కాళ్ళరిగేలా తిరిగి తెచ్చినవే. అసలు పేరు మరుగున పడి, చందాలమ్మ అన్న పేరే నిలిచిపోయింది. ఆమె పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే. ఇచ్చినవాడి పేరు చెప్పడం కృతజ్ఞత. వాడి సరుకు కొనమనడం బేరం. కాలేజీ మొదటిది చేస్తుంది, రెండోది చెయ్యదు. వార్షికోత్సవం నాడు దాతల పేర్లు ఆమే చదివేది. టీకొట్టు వాడైనా, పెద్ద కంపెనీ అయినా ఒకటే వాక్యం, ఒకటే గొంతు. "ఫలానావి ఇచ్చినవారు ఫలానావారు. కృతజ్ఞతలు." అంతే. ఇంకో ముక్క ఉండేది కాదు.

"మా చందాలమ్మ దాతలకు కూడా హాజరు వేస్తుంది" అని ప్రిన్సిపాల్‌గారు మురిసిపోయేవారు.

అలాంటి మనిషి పరుపు మీద బోల్తా పడింది.

హాస్టల్లో కింది అంతస్తుకు ఈ ఏడాది, పై అంతస్తుకు వచ్చే ఏడాది పరుపులిస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. దాని మేనేజరు మహా మర్యాదస్తుడు. గోడ అడగలేదు, బొమ్మ అడగలేదు. వార్షికోత్సవానికి ముందురోజు ఒక పరుపు చందాలమ్మ ఇంటికే పంపాడు. వద్దంటే, "పిల్లలు పడుకునేది ఎలా ఉందో మీరు చూడొద్దా అమ్మగారూ?" అన్నాడు. ఆ మాట న్యాయంగానే తోచింది. ఆ రాత్రి దానిమీదే పడుకుంది. ఎన్నో ఏళ్ళుగా పీడిస్తున్న నడుంనొప్పి తెల్లారేసరికి చేత్తో తీసేసినట్టుంది.

ఆ సంతోషంతోనే వేదిక ఎక్కింది. "హాస్టలుకు పరుపులు ఇచ్చినవారు..." అని కంపెనీ పేరు చదివి, కృతజ్ఞతలు చెప్పింది. అక్కడ ఆగాలి. ఆగలేదు. "రాత్రి నేనూ పడుకుని చూశాను. నా నడుంనొప్పి ఎటు పోయిందో! మీరూ కొనుక్కోండమ్మా, నాదీ పూచీ!" అనేసింది. జనం ఘొల్లున నవ్వి చప్పట్లు కొట్టారు. మేనేజరు అందరికంటే గట్టిగా కొట్టాడు.

వారం తిరగకుండానే ఒక పొద్దున ఆమె పొయ్యి దగ్గరుంటే, గడియారాలు బాగుచేసే ఆమె భర్త వీధి గుమ్మంలోంచి కేకేశాడు.

"ఏమే, నువ్వు వంటింట్లోనే ఉన్నావా? వీధిలో కూడా నువ్వే అరుస్తున్నావేంటే!"

బయటికొచ్చి చూస్తే ఆటో. దానిమీద మైకు. మైకులో తన గొంతు. 'మీరూ కొనుక్కోండమ్మా, నాదీ పూచీ!' వెనకాల చప్పట్లు. చందాలమ్మ చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. ఎదురింటామె నవ్వుతూ చెయ్యి ఊపితే, తిరిగి ఊపడానికి చెయ్యి లేవలేదు.

సిగ్గు అక్కడితో తీరలేదు. హాస్టల్లో చదివే ఒక పిల్ల తల్లి బట్టలు కుట్టి బతుకుతుంది. నెల తర్వాత కాలేజీ గేటు దగ్గర కాపు కాసి చందాలమ్మను ఆపింది.

"అమ్మా, మీ మాట విని కొన్న పరుపు మధ్యలో గుంట పడిపోయింది. నేనూ మా అత్తా చెరో పక్క పడుకున్నా, నడిజాముకి ఇద్దరం గుంటలోనే తేలుతున్నాం. షాపువాళ్ళు మార్చం పొమ్మన్నారు. మీరు పూచీ ఉన్నారుగా, ఇటొచ్చాను."

కోప్పడినా బాగుండేది. కోపం లేదు ఆ మొహంలో. నమ్మకం ఉంది. చందాలమ్మ తల దించుకుని, తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

"ఆ మైకు ఆపించండి."

"మేం ఒక్క అక్షరం కలపలేదు అమ్మగారూ. అనమని అడగలేదు కూడా. మీ అంతట మీరన్న మాట."

నిజమే. అతనే తగ్గి, "పోనీ, ఆ కుట్టుపనావిడ పరుపు మార్పిస్తాను లెండి, మీ మొహం చూసి" అన్నాడు.

"నా మొహం చూసి కాదు బాబూ, దాని గుంట చూసి మార్చండి."

లేచి వచ్చేసింది. సందు మలుపులో ఆటో ఎదురైంది. అడ్డంగా నిలబడింది.

"అమ్మో, మైకులో అమ్మ మీరేనా!" అన్నాడు ఆటో అతను.

"నేనే నాయనా. ఆ గొంతు కట్టేసి, ఈ గొంతుకి ఒక్క నిమిషం మైకివ్వు."

ఇచ్చాడు. కూరగాయల కొట్ల ముందు, అంత జనంలో, చందాలమ్మ మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"నేను కాలేజీ చందాలమ్మను. మొన్న పూచీ అన్నది నేనే. ఒక్క రాత్రి పడుకుని అన్నాను. వాళ్ళు కాలేజీకి పరుపులిచ్చారు, దానికి కృతజ్ఞతలు. కొనమని చెప్పడం నా పని కాదు. నా పూచీ వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను నమ్మి కొన్నవాళ్ళు క్షమించండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

కుట్టుపనావిడ పరుపు మారింది. ఆటో మైకు ఆగింది. పై అంతస్తు పరుపులు కూడా ఆగిపోయాయి. ఇక ఇవ్వబోమని కంపెనీ కబురు పెట్టింది. ఆ అంతస్తు పిల్లలు ఇప్పటికీ వట్టి మంచాల మీద దుప్పటి పరుచుకుని పడుకుంటున్నారు. చందాలమ్మ చూడ్డానికి వెళితే, "ఏం ఫర్వాలేదండీ, చల్లగా ఉంది" అన్నారు. అది ఆమెకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఈ ఏడాది ఆమెకు సన్మానం చెయ్యాలని ట్రస్టు పెద్దలు ఎప్పుడో అనుకున్నారు. ఫ్యాన్లు, పైకప్పు, ట్యాంకు, బీరువాలు, ప్రహరీ అని ఇన్ని చేసిన మనిషికి ఒక్క పొరపాటు లెక్కా అన్నారు. ఆమె ఒప్పుకోలేదు.

"సన్మానమంటే మళ్ళీ వేదిక ఎక్కాలి. వద్దండీ. నాకు సెలవివ్వండి చాలు."

ఇచ్చారు. నూలుమిల్లులున్న ఊళ్ళకు బయల్దేరింది. పై అంతస్తుకు దూది పరుపులు అడగడానికి. ఇచ్చినవారి పేరు పరుపు అడుగున కుట్టుకోవచ్చని చెబుతుందట. సాగనంపడానికి ఎవర్నీ రానివ్వలేదు. భర్త ఒక్కడే బస్సుదాకా సంచి మోసి, "నోరు జాగ్రత్తే" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. ఆమె నవ్వలేదు, తలూపింది.

పరుపులు దొరికినా దొరక్కపోయినా, సెలవు ముగిసే ఆగస్టు ఇరవై రెండున తిరిగొస్తుంది.