పేరు తెంపిన బుట్ట

కౌకూర్ బుట్టల అవ్వ పోయిందని పొద్దున్న పాలాయన చెప్పాడు. గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. బాధకంటే ముందు భయం వేసింది. ఒక పేరు ఆమెకొక్కతెకే తెలుసు, నాకది కావాలి.

మేం కోస్తా నుంచి వచ్చి యాప్రాల్‌లో స్థిరపడ్డవాళ్ళం. ఎవరికైనా కానుక ఇవ్వాలంటే నేను అవ్వ దుకాణానికే వెళ్ళేదాన్ని. శామీర్‌పేట వైపు అల్లిన వెదురు బుట్టలు, మట్టి కప్పులు, పాత చీరలతో కుట్టిన సంచులు ఉండేవి. చేసినవాళ్ళు చెప్పిందే ధర. బేరమాడితే అవ్వ వస్తువును తీసి మళ్ళీ అరలో పెట్టేసేది. ప్రతిదానికీ చేసిన మనిషి పేరు ఎర్రదారంతో కుట్టిన గుడ్డపేలిక ఉండేది. ఆ పేరు మనం పైకి చదివితేనే వస్తువు చేతికిచ్చేది.

“పేరు పిలువు బిడ్డా. మూగదాన్ని తీస్కపోతవా?” అనేది.

పొద్దున్నే షట్టర్ ఎత్తి, అరల ముందు నిలబడి ఆ పేర్లన్నీ పిలిచేది. బుట్టలు ఒక్కొక్కటీ కిర్రుమనేవి.

“పలుకుతున్నరు జూడు.”

“ఎండ తగిలి వెదురు సాగుతోంది అవ్వా,” అని నవ్వేదాన్ని.

“ఎండనే అనుకో తియ్,” అని తనూ నవ్వేది.

నాగారంలో మా వదిన గృహప్రవేశానికి ఒక బుట్ట కొన్నాను. ఫోన్‌లో మాట్లాడుతూ పేరేదో గొణిగేశాను. చుట్టాలంతా వెండి సామాన్లు తెస్తారు, ఈ పేలిక చూస్తే చవకది అనుకుంటారని ఇంటికొచ్చి కత్తిరించి పారేశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ దుకాణంలో అడుగుపెట్టగానే అవ్వ తలెత్తింది.

“పేరు తెంపినవా బిడ్డా?”

లేదని అబద్ధమాడాను.

“ఎవలి చెయ్యో యాదున్నదా?”

లేదు. మొదటి అక్షరం ‘ల’ అన్నంతవరకే గుర్తు.

“యాదికొచ్చినప్పుడు పిలువు. గప్పటిదాంక అది ఎదురుచూస్తది.”

నెల తిరక్కుండానే వదిన బుట్టను వెనక్కి తెచ్చింది. “ఏమీ అనుకోకమ్మా. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక కిర్రుమంటోంది. ఎవరో కూర్చుని లేచినట్టుంది. నువ్వే ఉంచుకో.”

ఎండ పొడ సోకని మూల పెట్టాను. మా ఇంట్లోనూ మధ్యాహ్నమైతే అదే చప్పుడు. దుకాణంలో విన్న పేర్లన్నీ పిలిచి చూశాను, ఆగలేదు. సిగ్గు విడిచి అవ్వ దగ్గరికే వెళ్ళి, నిజం ఒప్పుకుని, ఎవరిదో చెప్పమన్నాను. వేళ్ళ మీది పాత గాట్లు రుద్దుకుంటూ నవ్వింది.

“నన్నడుగుతవేంది? దాన్నే అడుగు.”

అదే ఆఖరి మాట.

పాలాయన చెప్పాక కౌకూర్ వెళ్ళాను. షట్టర్ దించి ఉంది. దాని మీద ఫ్లెక్సీ, అవ్వ ఫొటో, కింద పేరు. నాలుగేళ్ళుగా వస్తున్నాను, లోకమంతా అవ్వ అంటే నేనూ అవ్వ అన్నాను తప్ప పేరేమిటని ఎన్నడూ అడగలేదు. ‘ల’తో మొదలయ్యే పేరు. పొద్దున్నే ఆమె పిలిచే పేర్లలో అది ఎన్నడూ వినలేదు. ఆ వేళ్ళ మీది గాట్లు వెదురు చీల్చేటప్పుడు పడ్డవని, నా బుట్ట ఆమె చేతిదేనని అప్పుడు తట్టింది. నడిరోడ్డు మీదే ఏడ్చేశాను.

ఆ పేరు ఇక్కడ రాయను. పైకి పిలవనివాళ్ళకు ఆమె ఏ పేరూ ఇచ్చేది కాదు. ఇప్పుడు నేను ఎవరికి ఏ కానుకిచ్చినా చేసిన మనిషి పేరు పలికించే ఇస్తున్నాను. అది ఆమె నేర్పిందే.

ఇంటికొచ్చి బుట్ట ముందు కూర్చుని పేరు పెట్టి పిలిచాను. మబ్బు పట్టి ఉంది, ఎండ లేదు. బుట్ట ఒక్కసారి, చాలా నెమ్మదిగా కిర్రుమంది, కూర్చున్న మనిషి మోకాళ్ళు పట్టుకుని లేచినట్టు. ఆ తర్వాత ఇంతవరకూ చప్పుడు లేదు. రోజూ మధ్యాహ్నం పిలుస్తూనే ఉన్నాను. ఇప్పుడు ఎదురుచూసేది నేను.