లేని నలభై ఏడు పుస్తకాలు

గ్రంథాలయంలో పనిచేసిందంటే ఈవిడ ఎన్ని పుస్తకాలు చదివిందో అనుకుంటారు జనం. చదివాను, కాదనను. కానీ నన్ను ఆడించిన పుస్తకం ఒక్కటే. స్టాకు రిజిస్టరు. ఎర్ర గుడ్డ అట్ట, రెండు చేతులా పట్టుకుంటే గానీ లేవనంత బరువు. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకానికీ అందులో ఒక నంబరు పడుతుంది. పుస్తకం చిరిగిపోవచ్చు, చెదలు తినొచ్చు, దాన్ని ఒక్క మనిషైనా ముట్టకపోవచ్చు. నంబరు మాత్రం చావదు.

డెబ్బైల చివర్లో నాకు ఎమ్మిగనూరు శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చింది. అప్పటికి నా కూతురికి రెండేళ్లు నిండలేదు. మా ఆయన ఆదోనిలో పత్తి మిల్లులో గుమాస్తా. బస్సులో గంట దూరమే కదా, రోజూ వచ్చిపోరాదా అని ప్రతివాళ్లూ అడిగేవాళ్లు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. గ్రంథాలయం పొద్దున ఎనిమిదికి తెరవాలి, పదకొండుకు మూయాలి. మళ్లీ నాలుగుకు తెరవాలి, రాత్రి ఎనిమిదికి మూయాలి. ఆ తర్వాత బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. అందుకని నేత పనివాళ్ల ఇంట్లో ఒక గది తీసుకున్నాను. గోడకు అవతల మగ్గం, ఇవతల నేను. వారానికి ఒక్కరోజు సెలవు, అది శుక్రవారం. పాప బడికి పోవడం మొదలయ్యాక దాని సెలవు ఆదివారం. నేను ఇంటికొచ్చే రోజు అది బడిలో ఉంటుంది, అది ఇంట్లో ఉండే రోజు నేను ఊళ్లోవాళ్లకు పేపర్లు సర్దుతుంటాను. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ నా మీద పగబట్టి చేసినట్టే ఉండేది.

నేను చేరిన రోజు, నాకు ముందు అక్కడ పనిచేసిన పెద్దాయన టిఫిను క్యారియరు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. అది ఆయన ఉద్యోగంలో చివరి రోజు. రిజిస్టరు తెరిచి పుస్తకాలు చూసుకుందామా సార్ అన్నాను.

"మూడు వేల చిల్లర పుస్తకాలు ఎంతకని ఎంచుతావు పాపా? బీరువాలు ఎంచుకో, ఏడుండాయి. బస్సు పోతాది నాకు" అన్నారు.

ఏడు బీరువాలు ఎంచుకున్నాను. ఏడూ ఉన్నాయి. 'స్టాకు యావత్తు సరిచూసుకుని స్వాధీనపరచుకున్నాను' అన్న కాగితం కింద సంతకం పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. కానీ మా ఉద్యోగంలో అదే మర్యాద. తండ్రి వయసు మనిషిని నంబరు నంబరూ చూపించమంటే దొంగా అని అడిగినట్టే. అందరం అట్లాగే సంతకాలు పెట్టాం.

పుస్తకాల ఎంపిక సంగతి చెబితే నవ్వుతారు. నా బల్ల మీద 'పాఠకులు కోరిన పుస్తకములు' అని ఒక నోటుబుక్కు ఉండేది. నేతగాళ్లు అద్దకం రంగుల గురించి పుస్తకం కావాలని రాసేవాళ్లు. కుర్రాళ్లు పోటీ పరీక్షల గైడ్లు అడిగేవాళ్లు. ఆడవాళ్లు కథలు, నవలలు అడిగేవాళ్లు. ఏడాదికోసారి నేను దాన్నంతా శుభ్రంగా తిరగరాసి జిల్లా ఆఫీసుకు పంపేదాన్ని. అక్కడ దాన్ని ఎవరైనా చదివారన్న గుర్తు నాకెప్పుడూ కనబడలేదు. ఏ ఎండాకాలంలోనో గోనెసంచిలో మూట వచ్చేది. విప్పితే తేనెటీగల పెంపకం మూడు ప్రతులు, సముద్రపు చేపల మీద ఐదు ప్రతులు. సముద్రం చూసినవాళ్లు మా వీధి మొత్తం మీద ఇద్దరున్నారేమో. అయినా ముద్ర వేసి, నంబరు వేసి, బీరువాలో పెట్టేదాన్ని.

రావడం ఒక బాధైతే పోకపోవడం ఇంకో బాధ. పాడైన పుస్తకాన్ని తీసెయ్యాలంటే జిల్లాకు రాయాలి, వాళ్లొచ్చి చూడాలి, ఒప్పుకోవాలి. నేను రాశాను. ఎవరూ రాలేదు. మా దగ్గర ప్రతి పుస్తకానికీ మొదటి పేజీలోనే కాక లోపల పదిహేడో పేజీలో కూడా గ్రంథాలయం ముద్ర వేస్తాం, దొంగ దొరికితే గుర్తుపట్టడానికి. ఆ పేజీ మిగిలితే చాలు, పుస్తకం ఉన్నట్టే లెక్క. ఒక బీరువా నిండా అట్లాంటివే. అట్ట లేదు, కథ లేదు, చెదలు తిన్న మట్టి, దాని మధ్యలో పదిహేడో పేజీ. వాటికి రోజూ తాళం వేసి తీసేదాన్ని. కొన్ని మధ్యాహ్నాలు ఆ బీరువా ముందు కూర్చుంటే వాటికీ నాకూ పెద్ద తేడా లేదనిపించేది.

మరి జనం ఏం చదివేవాళ్లంటే, లెక్కలో లేనివి. మా ప్రాంతం ఆడవాళ్లకు ఒక అలవాటు ఉండేది. వారపత్రికల్లో సీరియల్ వస్తుంటే ప్రతివారం ఆ పేజీలు చించి దాచిపెట్టేవాళ్లు. సీరియల్ అయిపోయాక అన్నీ కలిపి బైండు చేయించేవాళ్లు. మా వీధి చివర ఒక ముసలాయన బైండింగు పని చేసేవాడు. అందరం చాచా అని పిలిచేవాళ్లం. మగ్గాల దగ్గర తెగి మిగిలిన గుడ్డముక్కలు తెచ్చి అట్టలకు వేసేవాడు. అందుకే మా సీరియళ్లకు చీరల రంగులుండేవి. ఇంట్లో చదివేశాక ఆడవాళ్లు వాటిని గ్రంథాలయంలో పెట్టి ఇంకోటి తీసుకుపోయేవాళ్లు. అట్లా యాభై దాకా పోగయ్యాయి. వాటికి నంబరు లేదు కాబట్టి అవి ఉండకూడదు. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే వాటిని మూటగట్టి నా గదిలో మంచం కింద దాచేదాన్ని. లేని పుస్తకాలకు ఒక బీరువా, ఉన్న పుస్తకాలకు మంచం కింద చోటు. మా సంసారం అట్లా ఉండేది.

పాప రెండో తరగతికి వచ్చిన ఏడు నాకు ఆదోనికి బదిలీ అయింది. ఆ ఆర్డరును ఎన్నిసార్లు చదివానో. నెలలోపు చేరాలి, లేదంటే ఆ ఖాళీ ఇంకొకరికి పోతుంది. చార్జి ఇచ్చే ముందు పుస్తకాలు సరిచూడ్డానికి జిల్లా నుంచి ఒకాయన వచ్చాడు. నా ఖర్మకొద్దీ ఆయన బీరువాలు ఎంచే రకం కాదు. మూడు రోజులు కూర్చుని ఒక్కో నంబరు పిలిచాడు. నలభై ఏడు పుస్తకాలు లేవు. పదిహేడో పేజీ కూడా లేదు.

"లెక్క సరిపోయేదాకా నిన్ను రిలీవు చేసేది ల్యాదమ్మా. నెలాఖరుకు మళ్లా వస్తా, వెతుక్కో" అని పోయాడు.

మొదటి శుక్రవారం ఇంటికి పోకుండా పెద్దకడుబూరుకు పోయాను, ఆ పెద్దాయన దగ్గరికి. ఆయన అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. విషయమంతా విని చేతిలో కాయ పక్కన పెట్టారు.

"నేనూ అట్లే తీసుకున్న్యాను పాపా. నా ముందరాయన ఎట్లిస్తే అట్లే. ఆ నలభై ఏడూ నేనెప్పుడూ కండ్లజూసింది ల్యా" అన్నారు.

ఆయన అబద్ధం చెప్పలేదని ముఖం చూస్తేనే తెలిసింది. తిట్టిపోద్దామని వెళ్లినదాన్ని, ఆయన పెట్టిన వేరుశనక్కాయలు కొంగులో కట్టుకుని వచ్చాను.

రెండో శుక్రవారం ఇంటికి వెళ్తే మా అత్తగారు నవ్వుతూ ఒక సంగతి చెప్పింది. బడిలో పంతులమ్మ పిల్లలందరినీ మీ అమ్మ ఏం చేస్తుంది అని అడిగిందట. వంట చేస్తుందని ఒకరు, బట్టలు కుడుతుందని ఒకరు చెప్పారట. మా పాప లేచి "మాయమ్మ శుక్రవారం వస్తాది" అందట. అత్తగారు నవ్వింది, మా ఆయన కూడా నవ్వాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

మర్నాడు చాచాతో చెప్పుకున్నాను. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, "నీవెందుకు పరేషాన్ అయితావు బేటీ? నంబర్లుండాయి, పుస్తకాలు ల్యావు. నీ మంచం కింద పుస్తకాలుండాయి, నంబర్లు ల్యావు. వాళ్లు నంబరు సూస్తారు గానీ లోపల కథ సూస్తారా?" అన్నాడు. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్పను. ఇంకొకరి నోటి నుంచి వినాలని ఎదురుచూశానంతే.

మూడో శుక్రవారం ఒక సంచిలో నలభై ఏడు సీరియళ్లూ, మరో సంచిలో గ్రంథాలయం ముద్రా, నంబర్లు రాసి అంటించే చీటీలూ, బంకా వేసుకుని ఆదోనికి వెళ్లాను. ఎమ్మిగనూరు గదిలో చేస్తే గోడ అవతల నేతగాళ్ల ముసలామె తొంగిచూస్తుందని భయం. సాయంత్రం పాప బడి నుంచి వచ్చి, ఏం చేస్తున్నావని పక్కన కూర్చుంది. నంబర్లు నేను రాస్తానని మారాం చేసింది. సరేనన్నాను. నేను చెబుతుంటే అది నాలుక బయటపెట్టి, ఒక్కో అంకె దిద్ది రాసింది. ఏడు అంకెకు కింద ఒక తోక తిప్పేది, కొక్కెం లాగా. ఎవరు నేర్పారో తెలియదు. మళ్లీ నా చేత్తో రాసి అంటించాలని అనుకున్నాను, చేతులు రాలేదు. నాకు గుర్తున్నంతలో మేమిద్దరం కలిసి పని చేసిన మొదటి సాయంత్రం అది. నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఆ సంతోషం గురించి అబద్ధం చెప్పలేను.

నెలాఖరుకు జిల్లా ఆయన వచ్చాడు. నేను నంబరు చదివాను, ఆయన రిజిస్టరులో టిక్కు పెట్టాడు. రిజిస్టరులో ఆ నంబరు పక్కన ఏదో వ్యవసాయం పుస్తకం పేరుంటుంది, నా చేతిలో పసుపుపచ్చ గుడ్డ అట్ట వేసిన సీరియల్ ఉంటుంది. ఆయన తలెత్తలేదు. లెక్క సరిపోయింది.

నా స్థానంలో తుగ్గలి వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. అదే మొదటి ఉద్యోగం. కొత్త పెన్ను, కొత్త చెప్పులు. రిజిస్టరు తెరిచి, "ఒక్కొక్కటే సూసుకుంటానక్కా, రెండు దినాలు పడతాదేమో" అంది. మర్యాద లేని పిల్ల అనుకున్నాను. నిజానికి మా అందరిలో బుద్ధి ఉన్నది ఆ పిల్ల ఒక్కతే.

"నిన్ననే జిల్లా ఆయన టిక్కులు పెట్టిపోయినాడు. మళ్లా ఎంతకని ఎంచుతావు పాపా? బస్సు పోతాది నాకు" అన్నాను.

ఆ అమ్మాయి నా ముఖం చూసి, మొహమాటపడి, సంతకం పెట్టింది. నేను బస్సెక్కాను.

మూడేళ్లు గడిచాయి. ఆదోనిలో కూడా ఆదివారం పనే, శుక్రవారమే సెలవు. కానీ రోజూ పాప పక్కన పడుకున్నాను, దాని జడలు వేశాను. అంతకంటే నాకేం అక్కర్లేదు.

ఒక శుక్రవారం సాయంత్రం ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మెడలో కొత్త పసుపుతాడు. భర్తది గుంతకల్లు, అక్కడికి బదిలీ వచ్చింది. చార్జి ఇవ్వబోతే ఈసారి వచ్చిన అధికారి నంబర్లతో పాటు పేర్లు కూడా చదివాడు. అసలు పుస్తకాలు నలభై ఏడు మాయం చేసి, వాటి చోట చిత్తుకాగితాలు బైండు చేయించి పెట్టావని ఆ అమ్మాయికి మెమో ఇచ్చాడు. రిలీవు చేయలేదు. సీరియళ్లన్నీ గోనెసంచిలో కట్టి సాక్ష్యంగా జిల్లాకు పట్టుకుపోయాడు. మా పుస్తకాలు యాడికి పోయినాయని వీధి ఆడవాళ్లు ఆ పిల్లనే నిలదీస్తున్నారట. ఎట్లాగో ఒకటి దాచి తెచ్చింది. సంచిలోంచి తీసి నా ముందు పెట్టింది. చిలకపచ్చ గుడ్డ అట్ట.

"ఈ చీటీ సూడక్కా. ఇది నా రాత కాదు. నేనొచ్చేసరికే ఇట్లుండాయని ఒక్క కాగితం మీద రాసి సంతకం పెట్టు, సాలు. నన్ను ఇడిసిపెడతారు. ల్యాకుంటే నేను ఆడ్నే ఉండిపోవల్ల" అంది.

అప్పుడే పాప మంచినీళ్ల చెంబుతో వచ్చింది. దానికి పదేళ్లు నిండాయి. పుస్తకం మీది చీటీ చూసింది. తోక తిప్పిన ఏడు చూసింది. దాని ముఖం విచ్చుకుంది, ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. నేను దాని వైపు చూశాను. నోరు మూసుకుంది.

"నేనూ అట్లే తీసుకున్న్యాను పాపా" అన్నాను ఆ అమ్మాయితో.

పెద్దకడుబూరు అరుగు మీద ఆ మాట నిజం. నా ఇంట్లో ఆ మాట అబద్ధం. ఆ అమ్మాయి నీళ్లు తాగకుండానే పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె గుంతకల్లు చేరిందో, ఎమ్మిగనూరులోనే ఉండిపోయిందో నేను వాకబు చేయలేదు. చేసే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.

వారం తర్వాత పాప లెక్కల నోటుబుక్కు తిరగేస్తుంటే కనబడింది. ఏడు అంకెలన్నీ తోకలు లేకుండా నిటారుగా రాసుకుంది.