ఉపవాస ప్రార్థనలో నా వంతు

తొంభైల చివరి సంగతి. నరసాపురంలో మా ఆయన జబ్బుచేసి పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. పక్కన ఖాళీ మంచం చూడలేక రాత్రంతా లేసు అల్లుకుంటూ కూర్చునేదాన్ని. నిద్రన్నది మరిచిపోయాను.

ఓ శుక్రవారం పాస్టరమ్మగారు పట్టుబట్టి నన్ను ఉపవాస ప్రార్థనకు తీసుకెళ్లారు. ఆడవాళ్లమంతా చాపల మీద మోకరించాం. ఒక్కొక్కరే వంతులవారీగా పైకి ప్రార్థన చేస్తున్నారు. నా వంతు వస్తే దేవుణ్ణి ఏం అడగాలా అని తల వంచుకుని ఆలోచిస్తున్నాను. అంతవరకే గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి చర్చి ఖాళీగా ఉంది. నా చాప తప్ప అన్నీ చుట్టేశారు. నా తల కింద ఎవరిదో తువ్వాలు, పక్కన మూతపెట్టిన పళ్లెంలో అన్నం. పాస్టరమ్మగారు నా సంచిలోని లేసు తీసి అల్లుతూ కూర్చున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

“లేపొచ్చు కదండీ. మరి నా వంతు?”

“వచ్చిందమ్మా. అప్పటికే గురక పెడుతున్నావు. నిద్రపోయి ఎన్నాళ్లయిందో అని అందరం ఆమెన్ అనేశాం.”

ఇంటికి వెళ్తే మంచం అలాగే ఖాళీగా ఉంది. ఆ రాత్రి మాత్రం లేసు సంచి తెరవలేదు.

ఆ తర్వాత ఎన్నో ప్రార్థనలు చేశాను. వాటన్నిటికంటే ఆ గురకే దేవుడికి బాగా వినిపించిందనుకుంటాను.