లోతు గిటారు

గిటారు కొనడానికి వచ్చినవాడు ఎవడైనా ముందు వైపే చూస్తాడు. రంగు చూస్తాడు, కొమ్ములు చూస్తాడు, ఒక తీగ మీటి, ఏదో మహా తెలిసినట్టు తల ఊపుతాడు. వెనక్కి తిప్పి చూసే మనిషి ఊరు మొత్తానికి ఒక్కతే ఉంది. ఆవిడకు గిటారు వాయించడం రాదు. గిటార్ల కార్ఖానాలో చెక్క నునుపు చేయడం ఆవిడ పని. ముప్పై నాలుగేళ్లుగా పొద్దస్తమానం చేతిలో ఉప్పుకాగితమే కాబట్టి అందరూ ఉప్పుపిన్ని అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు.

సెలవు రోజున పిన్ని పాత సామాన్ల కొట్లు తిరుగుతుంది. ఎక్కడైనా తమ కార్ఖానా గిటారు వేలాడుతుంటే దింపమంటుంది, వెనక్కి తిప్పుతుంది, అరచేత్తో నిమురుతుంది, తిరిగి ఇచ్చేస్తుంది.

"అందరూ మొహం చూస్తారు, మీరేంటండీ వీపు చూస్తారు? పెళ్లిచూపులు కొత్తగా ఉన్నాయే!" అంటాడు కొట్టతను.

"నా అలవాటు నాది నాయనా, నీ కొట్టేం అరిగిపోదులే" అంటుంది. ఆవిడ వెతికేది అంత తేలిగ్గా దొరకదు. ఇన్నేళ్లలో మూడే మూడుసార్లు దొరికింది. అదేమిటో చెప్పాలంటే ముందు గిటారు సంగతి చెప్పాలి.

పాతకాలపు గిటారు పెట్టెలా డొల్లగా ఉండేది. కరెంటు తగిలించి సౌండు పెంచితే కుయ్యోమని ఊళ పెట్టేది. దాని ఊళ మాన్పించాలని పంతం పట్టినవాళ్లలో రేడియోలు బాగుచేసుకునే ఒకాయన ఉన్నాడు. ఆయనకూ గిటారు వాయించడం రాదట! డొల్ల పీకేసి గట్టి చెక్క పలకే పెట్టేశాడు. ఊళ ఆగింది. కానీ పలక పలకే కదా, దాని అంచులు పక్కటెముకల్లో గుచ్చుకున్నాయి. "బాబూ, మోత బాగానే ఉంది, మా డొక్కే పోతోంది" అని వాయించేవాళ్లు మొత్తుకున్నారు. డెబ్బై ఏళ్ల కిందట, రెండోసారి చేసినప్పుడు, డొక్క ఆనేచోట వెనక చెక్క తొలిచారు. మోచెయ్యి ఆనేచోట ముందు వాలుగా చెక్కారు. చివరి మెట్ల దాకా వేళ్లు పోవడానికి రెండు పక్కలా కోసి కొమ్ములు తేల్చారు. ఆ తర్వాత ఎన్ని రకాలొచ్చాయో, ఎన్ని పోయాయో! ఈ ఆకారం మాత్రం చెక్కుచెదరలేదు. అందం కోసం నిలిచిందని అందరూ అంటారు. మనిషి ఒంటికి తాను తగ్గింది కాబట్టి నిలిచింది అనేవాడు కార్ఖానా మేస్త్రి. ఆయన మాటల్లో పిన్ని తలకెక్కించుకున్నది ఈ ఒక్కటే.

పిన్ని కార్ఖానాలో చేసేదీ ఆ నమూనాయే. డ్రాయింగులో వెనక కోత ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో ఉంటుంది గానీ, మధ్యలో ఎంత లోతుండాలో ఉండదు. దానికి మేస్త్రి ఒక పద్ధతి పెట్టాడు. నునుపు చేసే మనిషి స్టూలు మీద కూర్చుని, చెక్కను ఒళ్లో పెట్టుకుని, కడుపుకు హత్తుకుని, కళ్లు మూసుకుని మూడుసార్లు నిండుగా ఊపిరి పీల్చి వదలాలి. ఎక్కడ ఒత్తుకుంటే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి మళ్లీ రుద్దాలి. ఒత్తిడి తెలియనప్పుడే ఆ చెక్క రంగుల గదికి వెళ్లాలి. చూసినవాళ్లకు నవ్వొచ్చేది. కళ్లు మూసుకుని చెక్కల్ని కౌగిలించుకునే ఆడమనిషిని చూస్తే ఎవరికి మాత్రం రాదు? పిన్నికి మాత్రం రోజుకు నాలుగైదుసార్లు దేన్నో హత్తుకోవడం అలవాటైపోయింది. ఇప్పుడైతే ఆవిడ హత్తుకునేది ఇంకేమీ లేదు కూడా.

ఆవిడ చేరిన మూడో ఏట కడుపు పండింది. రంగుల గదిలో పనిచేసే భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెక్క దుమ్ము మంచిది కాదని, కడుపుతో ఉన్నవాళ్లను మేస్త్రి నునుపు గదిలోకి రానివ్వడు. ఇంటికి పంపేస్తే మళ్లీ ఆ చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే వదులు జాకెట్టు, దాని మీద మందపాటి ఏప్రన్ కట్టుకుని నెట్టుకొచ్చింది. ఒంటిని దాచింది గానీ చెక్కకేం తెలుసు? ఒళ్లో పెట్టుకుంటే ఒత్తుకునేది. ఒత్తుకున్నచోట రుద్దేది. నాలుగో నెల, ఐదో నెల, ఆరో నెల. కోత లోతవుతూ వచ్చింది.

"గిటార్లు చెయ్యమంటే పడవలు తవ్వుతున్నావేంటమ్మా!" అని మేస్త్రి ఒకరోజు కేకలేశాడు. అప్పటికి నలభై మూడు చెక్కలు అలా అయిపోయాయి. పారెయ్యడానికి మనసొప్పక, మెడ బిగించేచోట ఒక ఇంటూ గుర్తు కొట్టి, రెండో రకం సరుకు కింద పాటలు నేర్పే బడులకు తోసేశారు.

ఏడో నెలలో ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. బిడ్డ దక్కలేదు. ఆసుపత్రిలో నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి, "చూస్తావా అమ్మా?" అని అడిగింది. పిన్ని చూడలేనంది. భర్తే తీసుకుని వెళ్లాడు. పన్నెండు రోజుల తర్వాత, జ్వరమొచ్చిందని మేస్త్రికి చెప్పి, స్టూలు మీద కూర్చుంది. దుమ్మే చంపిందా, తన మొండితనమే చంపిందా అని ఆ రోజునుంచి ఈ రోజు దాకా ఆవిడ తనను తాను అడుగుతూనే ఉంది. మరో కడుపు రాలేదు. భర్త మంచివాడే, పల్లెత్తు మాట అనలేదు. ఆ సంగతి మాత్రం ఇద్దరి మధ్యా మళ్లీ రాలేదు. ఆరేళ్ల కిందట గుండెపోటుతో ఆయనా పోయాడు. అలాంటి బిడ్డ ఒకటి ఉండేదని తెలిసిన మనిషి ఈ లోకంలో ఇక పిన్ని ఒక్కతే. ఆ బిడ్డ ఆనవాలు ఆ నలభై మూడు చెక్కల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

ఈలోగా నవ్విన నాపచేనే పండింది. బడుల్లో ఆ ఇంటూ గుర్తు గిటార్లు పట్టుకున్న పిల్లలు పెద్దవాళ్లై, ఇంకో గిటారు పట్టుకోమంటే మొహం చిట్లించారు. అది ఒళ్లో పెడితే జారదట, గంటలకొద్దీ వాయించినా డొక్క నొప్పెట్టదట. బొజ్జ పెరిగిన వాద్యగాళ్లయితే దాన్ని కళ్లకద్దుకున్నారు. 'లోతు గిటారు' అని పేరు పడింది. ఇక కథలకేం కొదవ! అది మునిగిపోయిన ఓడ చెక్కట. మేస్త్రి ఏదో రహస్యం తనతోపాటే పట్టుకుపోయాడట. చిల్లిగవ్వంత నిజం లేదు. భోజనాల వేళ తోటివాళ్లు ఇవన్నీ చెప్పుకుంటుంటే పిన్ని తలొంచుకుని గిన్నె కడుక్కునేది. చెబుదామని నోటిదాకా వచ్చేది. ఎవరికని చెప్పాలి? ఇంటికి పోతే మేడ మీద ఒక గది, ఒక కంచం, తనంతట తానే మాట్లాడుకునే రేడియో.

ఈ ఏడు కార్ఖానాకు కోత మెషీన్ వచ్చింది. మేస్త్రి కాలం నాటి పెద్దాయన పోయాక ఆయన కొడుకు చిన్నయ్యగారు యజమాని. మనసు మంచిదే, నోరు మాత్రం క్షణం ఊరుకోదు. ఒక పొద్దున బల్ల మీద పాత గిటారు పెట్టి పిన్నిని పిలిచాడు.

"చూశావా పిన్నీ! లోతు గిటారు. రిటైరైన పాటల మాస్టారిని బతిమాలి తెచ్చాను. దీని కొలతలే మెషీన్‌కి ఎక్కిస్తాం. ఇకమీదట మన గిటార్లన్నీ ఇలాగే!"

పిన్ని దాన్ని తిప్పి అరచేయి ఆనించింది. ఆరో నెల చెక్క. ఆవిడకు లోతును బట్టి నెల తెలుస్తుంది. ఇకమీదట అన్నీ ఇలాగే. ఆ మాట పట్టుకుని రోజంతా గాల్లో తేలింది. మెషీన్ పని మొదలెడితే తన స్టూలు పోతుందని కూడా తోచలేదు. ఆ మధ్యాహ్నం అన్నం సగం తిని మరిచిపోయింది.

మర్నాడు మెషీన్ నడిపే అమ్మాయి కొలతలు తీసి కంప్యూటర్ తెర మీద చూపించింది.

"సార్, చిన్న ఇబ్బందుంది. మామూలుగా ఈ కోత జారుడుబల్లలా ఏటవాలుగా ఉంటుంది. దీనికి గిన్నెలా గుండ్రంగా దిగింది. ఇలాగే కొయ్యాలంటే ఒక్కోదానికి నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది. కాస్త సాపు చేసేస్తే గొడవుండదు."

"చేసెయ్యమ్మా. వీపు ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు చిన్నయ్యగారు.

అమ్మాయి మీట నొక్కింది. తెర మీద ఆ గుండ్రటి గీత పైకి లేచి తిన్నగా అయిపోయింది. పిన్ని ముందుకొచ్చింది.

"వద్దు బాబూ. అలా చెయ్యొద్దు."

"ఏం పిన్నీ?"

"ఒళ్లో నిలవదు."

"ఇప్పుడు నువ్వు చేస్తున్నవి నిలవట్లేదా? నీ చేతిని నువ్వే తిట్టుకుంటావేంటి!"

"బొజ్జ ఉన్నవాళ్లకి..."

"బొజ్జ ఉన్నవాళ్లు తగ్గించుకుంటారు" అని ఆయన తన బొజ్జ తట్టుకున్నాడు. "నాకూ చెప్పారు డాక్టరు."

"మేస్త్రి ఉంటే ఒప్పుకునేవాడు కాదు."

"మేస్త్రి ఉంటే దీన్ని రెండో రకం కిందే తోసేవాడు. దీని మీది ఇంటూ గుర్తు ఆయన కాలంలో కొట్టిందే కదా! ఏంటి పిన్నీ ఇవాళ ఇంత మొండికేస్తున్నావు?"

చెప్పడానికి ఆవిడ దగ్గర ఇంకో కారణం మిగల్లేదు. ఆ తిన్నటి గీతనే ఖాయం చెయ్యడానికి అమ్మాయి చెయ్యి మళ్లీ మీట మీదికి పోతోంది. పిన్ని ఆ చెయ్యి పట్టుకుంది.

"అవి చేసేటప్పుడు నేను కడుపుతో ఉన్నాను బాబూ. పని తీసేస్తారని దాచాను. చెక్క నా కడుపుకి ఒత్తుకుంటే ఒత్తుకున్నంత మేర రుద్దాను. ఓడా కాదు, రహస్యమూ కాదు. ఆ గుండ్రం అదే."

చిన్నయ్యగారి నోరు మూతపడింది. అది ఎవరూ ఎరగని విడ్డూరం. అమ్మాయి మాత్రం కళ్లు విప్పార్చుకుని తెర కేసి చూసింది.

"అయ్యో, ఎంత బాగుంది పిన్నిగారూ! ఇప్పుడు నాకంటే పెద్దవాళ్లై ఉంటారు కదూ? పాపా, బాబా?"

ముప్పై ఒక్కేళ్లలో ఆ మాట ఆవిడను అడిగినవాళ్లు లేరు. పిన్ని స్టూలు లాక్కుని కూర్చుంది.

"దక్కలేదమ్మా. పాపో బాబో నాకు తెలీదు. నేను చూడలేనన్నాను. ఆయన చూశారు."

అమ్మాయి బిత్తరపోయింది. పిన్ని ఆ పిల్లకు ధైర్యం చెబుతున్నట్టు చిన్నగా మాట్లాడింది.

"ఆయన్ని అడుగుదామనే అనుకునేదాన్ని. పాతికేళ్లు ఒకే గదిలో ఉన్నాం, ఒకే దీపం కింద తిన్నాం. ఇవాళ కాదు, రేపు అడుగుదాంలే అనుకునేదాన్ని. నేను అడగలేదని ఆయన చెప్పలేదో, చెబితే ఏడుస్తానని చెప్పలేదో. ఆసుపత్రికీ వెళ్లి చూశానమ్మా. పాత కాగితాలు లేవన్నారు. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు."

పక్క గదిలో ఎవరో సుత్తితో మేకు కొడుతున్నారు. చిన్నయ్యగారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

"నాలుగు నిమిషాలే కదమ్మా" అన్నాడు ఆ అమ్మాయితో. "ఉండనీ."

అమ్మాయి అప్పటికే గీతను మళ్లీ కిందికి దించేసింది. పిన్ని లేచి, చీర మీది దుమ్ము దులుపుకుని, రంగుల గదికి పంపాల్సిన చెక్కలు ఇంకా రెండు ఉన్నాయంటూ తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.