కాలువ గట్టు మీద వచ్చిన జవాబు

నేను పుట్టినప్పుడే అమ్మ నన్ను దేవుడి సేవకు ప్రతిష్ఠించింది. డెబ్బైల్లో నా డిగ్రీ అవగానే, ఆ మాట నిలబెట్టుకోవడానికి నన్ను బెజవాడ నుంచి చల్లపల్లి దగ్గర పాస్టరుగా ఉన్న మేనమామ ఇంటికి తోలింది.

ఆయన రోజూ తెల్లవారుజామున నన్ను లేపి, చేతిలోని ట్రాన్సిస్టర్ లాక్కుని కాలువ గట్టు మీద నడిపించేవాడు. అలా నడిస్తే దేవుడు మాట్లాడతాడట. ఎండాకాలమని కాలువకు నీళ్లు కట్టేశారు. దారంతా చచ్చిన చేపల కంపు.

"ఏరా, ఏమన్నా వినపడిందా?" అన్నాడు ఒకరోజు.

"వినపడింది మావయ్యా. పాస్టరు పని నీకొద్దన్నాడు."

"అది సైతాను మాటరా."

"రమ్మంటే దేవుడు, వద్దంటే సైతానా? జవాబు ముందే మీ దగ్గరుంటే నన్ను నడిపించడం దేనికండీ? పడుకునేవాణ్ణిగా."

"మీ అమ్మకేం చెప్పమంటావు?"

"నేనే చెప్తా. నా రేడియో ఇవ్వండి."

ఇవ్వలేదు. దాన్ని ఆయన చేతిలోనే వదిలేసి, బెజవాడ బస్సు కోసం గట్టు వెంబడే రోడ్డు దాకా నడిచాను. పక్కన ఆయన లేడు, చేతిలో పాట లేదు. అదే మాట మళ్లీ వినపడింది, ఈసారి ఇంకా స్పష్టంగా. అది ఎవరి మాటో నాకు ఇప్పటికీ అనుమానం లేదు.