తమిళ సినిమాకు తెలుగు మైకు

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో మా తెలుగు సంఘానికి పరువు సమస్య వచ్చిపడింది. పక్క ఊళ్ళో బెంగాలీలు ఒక అవార్డు సినిమా వేశారు. మా అధ్యక్షులు గుండె డాక్టరు. ఆ వార్త తట్టుకోలేకపోయారు. తెలుగులో అలాంటి ప్రింటు దొరకలేదు. దొరికింది తమిళ నవల ఆధారంగా తీసిన సినిమా. పాటలు లేవు, సబ్‌టైటిళ్ళు లేవు. “ఇదేనండీ అసలైన ఆర్ట్ ఫిల్మ్,” అన్నారు డాక్టరుగారు, చూడకుండానే.

మా సంఘంలో మైకు లేకుండా ఏదీ జరగదు. పిల్లలు నాట్యం చేస్తుంటే కూడా, “ఇప్పుడు కృష్ణుడు వెన్న తింటున్నాడు” అని పక్కనుంచి ఒకరు చెప్పాలి. ఈ సినిమాకూ అంతే. మా అపార్ట్‌మెంట్లలోనే ఉండే తమిళావిడ, తెలుగాయన భార్య, మైకులో తెలుగు చెప్పాలన్నారు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణని నన్ను టైము చూడమని ఆవిడ పక్కన కూర్చోబెట్టారు.

మొదటి రీల్లో ఒకాయన పొలంగట్టు మీద నడుస్తూ ఉన్నాడు. చాలాసేపు నడిచాడు.

“ఏమవుతోందండీ?” అన్నారు వెనకనుంచి ఎవరో.

“నడుస్తున్నాడు,” అందావిడ.

“ఎందుకు?”

“ఇంకా చెప్పలేదండి.”

“గెస్ చేసి చెప్పమ్మా. జనం బోర్ ఫీలవుతున్నారు,” అన్నారు డాక్టరుగారు.

ఆవిడ గెస్ చేసింది. నా లెక్కలో తెరమీద ఒక మాట పడితే మైకులో నాలుగు పడ్డాయి. తెరమీద ఎవరూ మాట్లాడనప్పుడు ఇంకా ఎక్కువ.

ఆ సినిమాకు ఇంటర్వెల్ లేదు, సమోసాలకు ఉంది. తెరమీద ఒకావిడ తలుపు తీయబోతుండగా లైట్లు వేశారు. జనమంతా చట్నీ దగ్గరికి పోయాక తమిళావిడ కుర్చీలోంచి కదలకుండా అంది:

“అన్నా, ఈ నవల వారపత్రికలో వచ్చేటప్పుడు మా అమ్మ చదివి వినిపించేది. చివర్లో తండ్రి కూతురితో మాట్లాడతాడు. ఇప్పుడు అమ్మ లేదు. ఆ మాటలు ఇంకోసారి వినాలని వచ్చాను. నేనే మాట్లాడుతుంటే ఇంక నాకేం వినబడుతుంది?”

ప్రింటు ఆ సాయంత్రమే ఇంకో ఊరికి బస్సెక్కాలి. నేను మద్రాసులో పెరిగినవాణ్ణి, ఆ చివరి రీలు నేను చెబుతానని డాక్టరుగారితో అన్నాను.

“వద్దండీ. మీరు చెబితే ఎక్కాలు అప్పజెప్పినట్టుంటుంది,” అన్నారాయన.

చివరి రీలు వచ్చింది. అంతవరకూ మూగవాడిలా తిరిగిన తండ్రి కూతురి ఎదుట కూర్చుని నోరు విప్పాడు. ఆవిడ మైకు దగ్గరికి తీసుకుంది.

“ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడండి,” అని చెప్పి, మైకు ఒళ్ళో పెట్టుకుని దానిమీద అరచెయ్యి మూసింది.

తండ్రి ఆగలేదు. కూతురు ఏదో అడిగింది, మళ్ళీ అందుకున్నాడు.

“ఇప్పుడేమంటున్నాడమ్మా?”

“అదేనండి.”

“ఇంతసేపూ అదేనా?”

“అదే.”

డాక్టరుగారు నావైపు వంగారు. “మీకు తమిళం వచ్చుగా. కరెక్టేనా?”

ఆ రీల్లో ఒక్క వాక్యం కూడా రెండోసారి రాలేదు. “కరెక్టేనండీ,” అన్నాను.

“రిపిటీషన్. అదే టెక్నిక్,” అని ఆయన వెనక వరసకు చెప్పారు. వాళ్ళు తమ వెనకవాళ్ళకు చెప్పారు. కోట్లు తొడుక్కుంటున్నవాళ్ళు కూడా టెక్నిక్ చూద్దామని మళ్ళీ కూర్చున్నారు. హాల్లో చప్పుడు లేదు. తమిళావిడ పెదవులు తెరమీది మాటలకంటే ఒక్క క్షణం ముందు కదులుతున్నాయి.

లైట్లు వేశాక డాక్టరుగారు వందన సమర్పణ చేస్తూ, ఒకే మాటతో ఒక రీలంతా నడిపించిన దర్శకుణ్ణి గట్టిగా పొగిడారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది.

“ఇంతకీ ఆ మాటేమిటో చెప్పలేదమ్మా.”

తమిళావిడ కళ్ళు తుడుచుకుంది.

“‘అన్నం తిన్నావా’ అని, పెద్దమ్మా.”

ఆ మాట సినిమాలో ఉంది. ఒక్కసారే ఉంది.