గోడకి అడ్డం రాకండి

మా ఆయనకి కోటల పిచ్చి. బడిలో పిల్లలకి చరిత్ర చెప్పే ఉద్యోగం, ఉండేదేమో పోర్ట్ బ్లెయిర్ శివార్లలో, గరాచర్మలో. ఇక్కడ పాత గోడలంటే తెల్లవాళ్లు కట్టినవే. "ఇవేం కోటలే, నిన్నగాక మొన్నటివి" అని పెదవి విరిచేవాడు. సెలవులకి ఓడెక్కి విశాఖలో దిగితే చాలు, అత్తగారింటికి పోనిచ్చేవాడా? కొండవీడో గండికోటో తిప్పి, నన్ను ఎండలో వడియంలా ఎండబెట్టి, అప్పుడు ఇంటికి తీసుకెళ్లేవాడు.

ఆయన ఫోటోల్లో మనుషులుండకూడదు. "వందల ఏళ్ల నాటి గోడ ముందు మనం పళ్లికిలిస్తే దాని పరువేం కాను?" అనేవాడు.

ఒక ఏడాది పక్కింటి దంపతులు కూడా మాతో కొండపల్లి వచ్చారు. ఇద్దరూ ద్వీపంలోనే పుట్టినవాళ్లు, కోట అనేది చూడటం అదే మొదలు. పక్కింటాయన కొత్త చొక్కా వేసుకుని, తలకి నీళ్లద్ది దువ్వుకుని, ప్రతి గుమ్మం ముందూ నిలబడేవాడు. "భయ్యా, ఒక్కటి తియ్యండి!"

"గోడకి అడ్డం రాకండి సార్. రీలు అయిపోతోంది."

నవ్వుకుంటూ జరిగేవాడు పాపం. నాకూ నవ్వొచ్చేది.

తర్వాత పక్కింటాయనకి కార్ నికోబార్ బదిలీ అయింది. సామాను మొత్తం సర్దుకుని వెళ్లారు. సునామీ వచ్చిన పొద్దున ఆవిడ ఎత్తుకి పరుగెత్తి బతికింది. ఆయన, క్వార్టర్సు, పెళ్లి ఆల్బమ్, ఆఫీసులో ఉన్న చిన్న ఫోటోతో సహా అన్నీ కొట్టుకుపోయాయి. ఎవరో ఇచ్చిన నైటీతో పోర్ట్ బ్లెయిర్‌లో ఓడ దిగింది. చాలాకాలం ఎదురుచూసింది. శవం దొరకలేదు. చివరికి పెద్దవాళ్లు కర్మకి రోజు పెట్టారు. శవం లేనప్పుడు కనీసం ఫోటో అయినా ఉండాలి కదా. ఆ ఫోటో కోసమే ఆవిడ మా ఇంటికి వచ్చింది.

"దీదీ, ఆయనది ఒక్క ఫోటో ఇయ్యండి, బస్, అంతే చాలు. కొండపల్లిలో భయ్యా బోలెడు తీసారు కదా."

మా ఆయన గబగబా ఆల్బమ్‌లన్నీ దించాడు. ఆవిడ ఒక్కో పేజీ తిప్పుతోంది. బురుజు. మెట్లు. గుమ్మం. మళ్లీ బురుజు. అంత బాగా తీసిన ఫోటోలని చూస్తుంటే నా నోరు ఊరుకోలేదు. "ఇన్ని గోడలు తీశారు కదా మహానుభావా, ఒక్క మనిషి మొహం తీయడానికి చేతులు రాలేదా?" అన్నాను. ఆయన ఇంకో ఆల్బమ్ తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. ఒక్క మాటైనా తిట్టుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"కోయీ బాత్ నహీ దీదీ, భయ్యాని ఏటనకండి," అంటూ ఆవిడ ఒక గుమ్మం ఫోటో దగ్గర ఆగింది. "ఇది ఇస్తారా? ఇక్కడే ఆయన్ని జరగమన్నారు. నాకు గురుతుంది."

ఇచ్చాం. ఏం చేసుకుంటుందో అడగడానికి మొహం చెల్లలేదు.

కర్మ రోజు బ్రూక్షాబాద్‌లో ఆవిడ అద్దెకుంటున్న గదికి వెళ్లాం. పీట మీద ఆ గుమ్మమే ఉంది. ఫ్రేము కట్టించి, బంతిపూల దండ వేసి, ముందు దీపం పెట్టారు. వచ్చినవాళ్లందరూ ఆ రాతిగోడకి దణ్ణం పెడుతున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక్కి తిరిగి బస్సెక్కి వెళ్లిపోదామనిపించింది.

ఆవిడ కుంకుమ భరిణె పట్టుకుని మా ఆయన దగ్గరికి వచ్చింది.

"భయ్యా, ఆయన ఏ వేపుకి జరిగారో మీకు గురుతుందా? కుడికా, ఎడమకా? అటేపు బొట్టెడతాను."

మా ఆయన నా వంక చూశాడు. నాకూ గుర్తు లేదు.

"కుడివైపు," అన్నాడు.

ఆవిడ తలూపి, ఫ్రేము కుడి అంచున చెక్క మీద బొట్టు పెట్టింది. తర్వాత దండని కూడా అటే జరిపింది.